సాగర్ రాళ్ల లెక్క తెలిసిన ఇంజినీరు

మేం నల్గొండలో ఇల్లు కట్టుకునేటప్పుడు వంటింటి కిటికీ మీది సజ్జా, సెంట్రింగ్ విప్పిన మూడోరోజుకే గోడ మొదట్లో పగిలింది. సన్నటి గీత. సిమెంటు పాలు పూస్తే సరిపోతుందని మేస్త్రీ అన్నాడు. సాగర్ డ్యామ్ పనుల్లో ఉద్యోగం చేసి రిటైరైన మా పెద్దమామయ్య మాత్రం ఆ గీత చూడగానే ఎవరినీ దాని కింద నిలబడనివ్వలేదు. సుత్తితో కొట్టించి చూస్తే ఇనుప కడ్డీలన్నీ సజ్జా అడుగున ఉన్నాయి. సజ్జాకు కడ్డీలు పైభాగంలో ఉండాలట! ఇంటి లోపలి స్లాబుకైతే అడుగున, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే సజ్జాకైతే పైన.

ఎందుకని అడిగితే మామయ్య నా చేతికి నీళ్ల బిందె ఇచ్చి, చెయ్యి పక్కకు బారచాపి పట్టుకోమన్నాడు. రెండు నిమిషాలకే భుజం పైభాగం లాగేసింది. సజ్జాకూ అంతే. కిందివైపు నొక్కుడు, పైవైపు లాగుడు. కాంక్రీటు నొక్కుడికి ఎంతైనా ఓరుస్తుంది కానీ లాగితే తట్టుకోలేదు. లాగుడున్న చోట ఇనుము పెట్టాలి. డబ్బు మిగల్చాలని ఇనుము తగ్గించడం ఒక తప్పైతే, పెట్టిన ఇనుమే తప్పు చోట పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

ఆ సాయంత్రం టీ తాగుతూ మామయ్య ఒక మనిషి గురించి చెప్పుకుంటూ పోయాడు. ఆయన పేరు చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టినదే. డాక్టర్ కె.ఎల్. రావు. నాగార్జునసాగర్ డిజైన్ వెనక ఉన్న ఇంజినీరు, తర్వాత కేంద్రమంత్రి. అంతకుమించి నాకేమీ తెలియదు. సాగర్ మా జిల్లాలోనే ఉంది. ఏటా గేట్లెత్తినప్పుడు పిల్లల్ని తీసుకుని వెళ్లి ఫొటోలు దిగి వస్తాం. అంత నీటిని ఆ రాతిగోడ ఎట్లా ఆపుతోందని మాత్రం ఒక్కసారైనా అనుకోలేదు.

కంకిపాడు నుంచి బర్మింగ్‌హామ్ దాకా

కానూరి లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. బెజవాడకు దగ్గర ఊరు. కృష్ణ ఆనకట్ట నీళ్లు కాలువల వెంట పారి వరిచేలు పచ్చగా ఉండే డెల్టా నేల. మధ్యతరగతి కుటుంబం. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటూ ఉండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. తండ్రి నీడ లేని పిల్లవాడు, అందులో ఒంటికన్ను. ఇప్పుడైతే అయ్యో అని అందరం జాలిపడి, ఏదో చిన్న ఉద్యోగం చూసుకుంటే చాలునని సర్దిచెబుతాం. ఆ పిల్లవాడు గీతలు గీసి, కొలతలు వేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా చూసుకోవాల్సిన ఇంజినీరింగ్ చదువునే ఎంచుకున్నాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో బి.ఇ. చదివారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజినీరింగులో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. రంగూన్‌లో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. అక్కడే కొంతకాలం అసిస్టెంట్ ప్రొఫెసరుగా పనిచేశారు. ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటును ఎట్లా లెక్కగట్టాలి, ఎట్లా పరీక్షించాలి అన్న విషయం మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు.

మా సజ్జా సంగతి ఆ చదువులో మొదటి పాఠం లాంటిది. కట్టడం మీద ఎంత బరువు పడుతోంది, ఆ బరువు ఏ దారిన నేలకు దిగుతోంది, ఆ దారిలో ఎక్కడ నొక్కుతోంది, ఎక్కడ లాగుతోంది అని చూడటమే ఆ చదువంతా. మనం బరువంటే ఎన్ని కిలోలని చూస్తాం. ఇంజినీరు అది కదలకుండా ఉన్న బరువా, కదిలే బరువా అని కూడా చూస్తాడు. గోడ మీద కప్పు, అటక మీద ధాన్యం బస్తాలు, డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు కదలని బరువులు. వాళ్ల భాషలో స్టాటిక్ లోడ్. వంతెన మీద పోయే రైలు, చెట్లను ఊపే గాలి, గేటు దాటి దూకే వరద, భూకంపం ఇవన్నీ కదిలే బరువులు. వాటిని డైనమిక్ లోడ్ అంటారు.

రెంటికీ తేడా ఎంతో మనింట్లోనే చూడొచ్చు. స్ప్రింగు కాటా మీద బియ్యం సంచీ మెల్లగా దించితే ముల్లు సరైన తూకం దగ్గర ఆగుతుంది. అదే సంచీని కాటాకు ఆనించి పట్టుకుని చటుక్కున వదిలేస్తే ఒక్క క్షణం ముల్లు దాదాపు రెట్టింపు దాకా పోయి వెనక్కి వస్తుంది. బియ్యం పెరగలేదు. బరువు వచ్చిపడిన తీరు మారింది, అంతే. ఇక ఎత్తు నుంచి పడేస్తే చెప్పనే అక్కర్లేదు.

నందికొండ దగ్గర

చదువు అయ్యాక ఇంగ్లండులోనే ఉండిపోకుండా ఆయన స్వదేశం వచ్చారు. మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరుగా చేరారు. 1950లో డిజైన్ల డైరెక్టరుగా ఢిల్లీ వెళ్లారు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం. తిండిగింజలు చాలక ఓడల్లో తెప్పించుకునే రోజులు. ఎక్కడ చూసినా నదుల మీద కొత్త ప్రాజెక్టుల మాటే. 1954 నాటికి ఆయన కేంద్రప్రభుత్వంలో చీఫ్ ఇంజినీరు.

కృష్ణానది మీద అప్పటికే హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు ఎవరి ఆలోచనలు వాళ్లు చేస్తున్నాయి. నిజాం రాజ్యపు ఇంజినీర్లు నందికొండ ప్రాంతాన్ని ఏనాడో చూసిపెట్టుకున్నారు. మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీటిని పెన్నకు, అక్కడినుంచి దక్షిణానికి మళ్లించాలని చూసింది. ఆంధ్ర ప్రాంతంలో ముక్త్యాల రాజావారు నందికొండ దగ్గరే డ్యామ్ రావాలని పట్టుబట్టి, సొంత డబ్బు ఖర్చుపెట్టి తిరిగారు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ 1952లో నందికొండకే మొగ్గు చూపింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇంకో ఏడాదికి రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. నది అటు ఒడ్డు అప్పటి గుంటూరు జిల్లా, ఇటు ఒడ్డు మా నల్గొండ జిల్లా.

ఇక్కడ కట్టింది రాతిడ్యామ్. నడుమ రాతికట్టు పొడవు 4,756 అడుగులు, ఎత్తు 409 అడుగులు. రెండు పక్కలా మట్టికట్టలు. అన్నీ కలిపితే దాదాపు 4.8 కిలోమీటర్లు. వరద వదలడానికి 26 పెద్ద గేట్లు. ప్రపంచంలో రాతితో కట్టిన డ్యాములన్నిటిలోకీ పెద్దదిగా దీనికి పేరు.

అంత నీటిని రాయి ఎట్లా ఆపుతుంది? మామయ్య చెప్పిన తీరులోనే చెబుతాను. ఒక డబ్బాకు పైన, నడుమ, అడుగున మూడు బెజ్జాలు పెట్టి నీళ్లు పోయండి. అడుగు బెజ్జంలోంచి వచ్చే ధార అన్నిటికన్నా జోరుగా కొడుతుంది. లోతు పెరిగేకొద్దీ నీటి తోపు పెరుగుతుంది. మీటరు లోతున చదరపు మీటరుకు టన్ను. 100 మీటర్ల లోతున చదరపు మీటరుకు 100 టన్నులు. డ్యామ్ గోడను ఒక్క మీటరు వెడల్పు ముక్కగా తీసుకుంటే, 100 మీటర్ల లోతు నీళ్లు దాన్ని మొత్తం 5,000 టన్నుల బలంతో తోస్తాయి. లోతు సగమైతే తోపు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. ఇంకో వింత కూడా ఉంది. వెనక నీళ్లు కిలోమీటరు దూరం ఉన్నా, వంద కిలోమీటర్లు ఉన్నా గోడ మీద తోపు ఒకటే. లెక్కంతా లోతుదే.

ఈ తోపుకు ఎదురు నిలిచేది రాతి బరువే. బిందె చంకన పెట్టుకున్నప్పుడు మనకు తెలియకుండానే ఒళ్లు రెండోవైపు వాలుస్తాం. లేకపోతే పడిపోతాం. డ్యామ్‌ను కూడా అట్లాగే పైన సన్నగా, కింద బాగా వెడల్పుగా, నీళ్లు లేనివైపు ఏటవాలుగా కడతారు. నీటి తోపు, రాతి బరువు రెండూ కలిసి చివరికి పునాదిలో ఎక్కడో ఒకచోట పడాలి కదా. పునాది వెడల్పును మూడు భాగాలు చేస్తే అది నడిమి భాగంలోనే పడాలి. అది దాటి పోయిందంటే నీళ్లవైపు మడమ నేలను నొక్కడం మాని పైకి లేవబోతుంది. అక్కడ లాగుడు మొదలవుతుంది. సజ్జా పగిలినట్టే రాతికట్టు కూడా లాగుడికి పగులుతుంది.

పగిలితే ఇంకో శత్రువు లోపలికి వస్తుంది. బావిలో పడ్డ బిందెను గాలం వేసి లాగినవాళ్లకు తెలుస్తుంది. నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గా వచ్చి, నీటి పైకి రాగానే చెయ్యి లాగేస్తుంది. నీళ్లు ఏ వస్తువునైనా పైకి ఎత్తబోతాయి. డ్యామ్ పునాది కిందికి చేరిన నీళ్లూ అదే పని చేస్తాయి. నిలబెట్టాల్సిన రాతి బరువునే తగ్గించేస్తాయి. అందుకే పునాదిరాతి సందుల్లోకి సిమెంటు పాలు గట్టిగా ఎక్కిస్తారు. డ్యామ్ పొట్టలో సొరంగంలాంటి నడవా వదిలి, ఊరిన నీటిని అక్కడికి దింపి బయటికి తోడేస్తారు. బయటినుంచి చూసేవాళ్లకు డ్యామంటే ఒట్టి గోడ. లోపల మనుషులు తిరుగుతూ ఊట ఎంత వస్తోందో రోజూ కొలుస్తుంటారు.

తట్ట మోసిన తల్లులు

ఉత్తరాన భాక్రా డ్యామ్‌ను యంత్రాలతో, కాంక్రీటుతో కట్టారు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మరీ పెద్ద ముద్దగా పోస్తే లోపలి వేడికి పగుళ్లు వస్తాయని చల్లబరిచే ఏర్పాట్లు చేసుకోవాలి. సిమెంటుకు కరువుగా ఉన్న రోజులు. యంత్రాలు పైదేశాలనుంచి రావాలి, దానికి విదేశీ డబ్బు కావాలి. ఇక్కడ రాయి ఉంది, పని కోసం ఎదురుచూసే చేతులున్నాయి. రాతికట్టయితే సిమెంటు తక్కువ, వేడీ తక్కువ. అందుకే సాగర్‌కు రాయి.

ఆ చేతులెవరివి? అన్ని జిల్లాలవాళ్లూ వచ్చారు. అందులో పాలమూరు వాళ్ల సంగతి వేరే చెప్పాలి. కరువుసీమ మహబూబ్‌నగర్ నుంచి గుంపుమేస్త్రీల వెంట దేశంలోని ప్రాజెక్టులకల్లా కూలికి పోయిన జనం వాళ్లు. పాలమూరు లేబర్ అనే మాటే పుట్టింది. మా వాడలో అచ్చంపేట అవతలి పల్లెనుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి సాగర్ పనికి పోయింది. మగవాళ్లు వాసానికి రాయి కట్టి భుజాల మీద మోస్తే, ఆడవాళ్లు సిమెంటు మాలు తట్టలకెత్తి పరంజా మెట్ల మీద పైకి అందించేవాళ్లు. చంటిపిల్లను చెట్టుకొమ్మకు చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టి పోయేదట.

బడి మొహం చూడని ఆ పెద్దమ్మకు ఒక సంగతి తెలుసు. పరంజా మీద వరసగా నడిచేటప్పుడు అందరి అడుగులూ ఒక్కసారి పడితే కింది బాదులు ఊగేవట. ఊగడం మొదలైతే అడుగడుగుకూ ఎక్కువయ్యేదట. అందుకని అడుగులు కలవకుండా ముందువెనకలుగా నడవమని పెద్దవాళ్లు చెప్పేవాళ్లట. సైనికులు వంతెన దాటేటప్పుడు కవాతు ఆపి మామూలుగా నడవాలన్న నియమం ఎందుకుందో, ఇదీ అందుకే. ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటుంటుంది. ఉయ్యాలను సరైన సమయానికి చిటికెనవేలితో తోసినా ఎంత ఎత్తు లేస్తుందో చూస్తాం కదా. బయటి ఊపు, లోపలి ఊపు కలిసిపోతే చిన్న బలమే పెద్ద పని చేస్తుంది. విశ్వవిద్యాలయంలో లెక్కలు వేసి నేర్చుకునే ఈ సంగతిని ఆమె అరికాళ్లతో నేర్చుకుంది. కె.ఎల్. రావు పేరు మాత్రం ఆమె ఎన్నడూ వినలేదు. ఆమె పేరు కూడా ఏ శిలాఫలకం మీదా లేదు.

ఆ నీళ్ల కింద మునిగినవీ ఉన్నాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునకొండ లోయలోని బౌద్ధారామాలు, మా జిల్లా ఒడ్డున ఏలేశ్వరం. పురావస్తుశాఖ వాళ్లు నీళ్లు రాకముందే తవ్వకాలు జరిపి కొన్ని కట్టడాలను అనుపు దగ్గరికి, కొండ మీదికి తరలించారు. ఆ కొండే ఇప్పటి ద్వీపం, మ్యూజియం. రాళ్లకు నంబర్లు వేసి మరోచోట మళ్లీ పేర్చుకోవచ్చు. పొలాలు, పొయ్యిలు, బొడ్రాళ్లు విడిచి లేచిపోయిన పల్లెల జనాన్ని అట్లా పేర్చలేం కదా.

అదే ఏడు, రెండు సంగతులు

ఇంజినీరు కె.ఎల్. రావు 1962లో విజయవాడ నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. 1963లో పద్మభూషణ్ వచ్చింది. ఆ ఏడే జూలైలో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖలో మంత్రిగా చేరారు. నెహ్రూ, శాస్త్రి, ఇందిరాగాంధీ ముగ్గురి దగ్గరా పనిచేశారు. 1967, 1971 ఎన్నికల్లోనూ విజయవాడ ఆయన్నే పంపింది. లెక్కల కాగితాల మీద బతికిన మనిషి రాజకీయాల్లోకి వచ్చి, తాను చదివిన శాఖనే చూసుకోవడం మన దేశంలో అరుదుగా జరిగే పని.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువకు జవహర్ పేరు, ఎడమకాలువకు లాల్ బహదూర్ పేరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు జొన్న, సజ్జ పండే నేలల్లో వరి వచ్చింది. దేశమంతా చూసిన పండుగ అది. నాలుగు నెలలు తిరిగాయో లేదో, డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయనలో భూమి కంపించింది. దాదాపు 180 మంది చనిపోయారు. అక్కడ 103 మీటర్ల ఎత్తు డ్యామ్ ఉంది. భూకంపాలు రావనుకున్న దక్కను పీఠభూమి. డ్యామ్ లెక్కల్లో భూకంపానికి కొంత వదిలారు గానీ, వచ్చిన ఊపు వేసుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

డ్యామ్ కూలలేదు. కానీ పైభాగంలో పగుళ్లు వచ్చాయి. అది కూడా సరిగ్గా గోడ వెడల్పు ఒక్కసారిగా మారే చోట. కదలని నీటికైతే పాదం దగ్గరే ఎక్కువ కష్టం. కదిలే భూమికి మాత్రం తల ఎక్కువ ఊగుతుంది. తాటిచెట్టు గాలికి మొదట్లో కదలదు, మట్టల దగ్గర కదులుతుంది చూడండి, అట్లాగన్నమాట. బట్ట చింపేటప్పుడు గాటు పెట్టిన చోటే చిరుగు మొదలైనట్టు, వంపు మారిన చోట పగులు పడింది. కేవలం నిలకడ బరువుకు సరిపోయేలా కట్టిన కట్టడం ఊగే బరువుకు వేరే చోట దెబ్బతింటుందని కోయన చూపించింది.

ఆ శాఖకు అప్పుడు మంత్రి కె.ఎల్. రావే. తాను చదివిన చదువులోని కష్టమైన పాఠం ఆయన పదవిలో ఉండగానే దేశం ముందుకు వచ్చింది. కోయన డ్యామ్‌కు వెనకనుంచి ఆసరాకట్లు కట్టి బలపరిచారు. భూకంపాలకు కట్టడాలు ఎట్లా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణాలు మొదట 1962లో వచ్చాయి. వాటిని 1970లో సవరించారు. పెద్ద డ్యాములను ఒక స్థిరమైన బలంతో లెక్కగట్టి ఊరుకోకుండా, క్షణక్షణం ఎట్లా ఊగుతాయో చూసి లెక్కగట్టే అలవాటు మన దేశంలో కోయన తర్వాతే బలపడింది.

ఎక్కలేని నీళ్లు

కృష్ణ మా జిల్లాలోంచే పోతుంది. అయినా దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు ఆడవాళ్లు కొన్ని దశాబ్దాలు బోరునీళ్లే తాగారు. ఆ నీళ్లలో ఫ్లోరైడు. పళ్లు పచ్చబడి, ఎముకలు వంకరపోయి, ముప్పై ఏళ్లకే నడుం వంగిన తల్లుల్ని ఈ జిల్లాలో చూడని మనిషి లేడు. ఇంత డ్యామ్ పక్కనుండగా ఎందుకీ శిక్ష అని మామయ్యను కోపంగానే అడిగాను.

జవాబు మళ్లీ లెక్కలోనే ఉంది. సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. మా మెట్ట నేలలు అంతకన్నా చాలా ఎత్తు. కాలువలో నీళ్లు పల్లానికే పోతాయి, మెట్టకు ఎక్కవు. ఎక్కించాలంటే కరెంటు మోటార్లు కావాలి, లేదా ఇంకా పైనున్న శ్రీశైలం నుంచి కొండలు తొలిచి తేవాలి. లెక్క నిజమే. కానీ ఎవరి నేల పల్లం, ఎవరి నేల మెట్ట అన్నది లెక్కకు తెలుసు గానీ, మెట్టనున్నవాళ్లకు నీళ్లెప్పుడివ్వాలన్నది మనుషులు తేల్చుకోవాల్సిన సంగతి. అది తేలడానికి చాలా కాలం పట్టింది. సాగర్ నీళ్లను ఎత్తిపోసి కొన్ని మండలాలకు ఇచ్చారు. ఇటీవలి సంవత్సరాల్లో మిషన్ భగీరథ కింద ఊళ్లకు నది నీళ్లొచ్చాయి.

శ్రీశైలం నుంచి రావాల్సిన సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు, తిరిగి రాలేదు. జార్ఖండ్ లాంటి దూరపు రాష్ట్రాలనుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు మా పాలమూరు వాళ్లు ఊరుగాని ఊరు పోయి డ్యాములు కట్టారు. ఇప్పుడు మా నీళ్ల కోసం ఎవరో తల్లుల పిల్లలు ఇక్కడికొచ్చి మట్టిలో కలిశారు. ఆ వార్త టీవీలో చూసిన రోజు నాకు మళ్లీ ఆ పెద్దమ్మ ఉయ్యాల గుర్తొచ్చింది.

చివరి రోజులు, మిగిలిన పేరు

కె.ఎల్. రావు మంత్రిగా ఉన్న కాలంలోనే 1969లో పల్లెలకు కరెంటు కోసం గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. ఉత్తరాన వరదైపోయే గంగ నీటిని దక్షిణాన కావేరి దాకా తేవాలని 1972లో ఆయన చేసిన ప్రతిపాదన పెద్ద చర్చ రేపింది. కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. నీళ్లు ఎత్తిపోయడానికి కావాల్సిన కరెంటు, ఖర్చు చూసి దాన్ని పక్కన పెట్టారు. నదుల అనుసంధానం అని ఇప్పుడు వింటున్న మాటలకు అదొక మొదలు. భారతదేశపు నీటి సంపద గురించి 1975లో పుస్తకం తెచ్చారు. తన జీవితానుభవాలూ పుస్తకంగా రాసి, పేరులోనే క్యూసెక్కులు పెట్టుకున్నారు. 1986 మే 18న, 84వ ఏట కన్నుమూశారు.

కృష్ణ మీద సాగర్‌కు దిగువన పులిచింతల కట్టి, 2013 డిసెంబరులో ప్రారంభించారు. దానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు. ఎడమ ఒడ్డు అప్పటి మా నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లా. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడి 16వ నంబరు గేటు వరదనీటిలో కొట్టుకుపోయింది. నీళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగి తాత్కాలికపు అడ్డు దించాల్సి వచ్చింది. నిలిచిన నీళ్లను అన్నాళ్లు ఆపిన ఇనుపగేటు, వరద వదిలే వేళ విరిగింది. ఆయన పేరు పెట్టుకున్న చోటే ఆయన చదువును మళ్లీ గుర్తుచేసినట్టయింది.

2009 అక్టోబరు వరద సంగతి మనందరికీ గుర్తే. కర్నూలు మునిగింది. శ్రీశైలం దగ్గర నీళ్లు 885 అడుగుల నిండుమట్టం దాటి 896 దాకా లేచాయి. డ్యామ్ కట్టినప్పుడు ఊహించిన వరదకన్నా ఎక్కువ వచ్చింది. ఆ రాత్రులు సాగర్ కింది ఊళ్లవాళ్లెవరికీ నిద్రల్లేవు. శ్రీశైలమూ నిలిచింది, సాగరూ నిలిచింది. లెక్క వేసినవాళ్లు అవసరానికి మించి కొంత బలం వదిలిపెట్టడం వల్లనే మనం తెల్లారి లేచాం. ఆ వదిలిపెట్టినదాన్ని దుబారా అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నిజానికి అది పిల్లల కోసం డబ్బాలో దాచే పిడికెడు బియ్యం లాంటిది.

మా సజ్జా మొత్తం కొట్టించేసి మళ్లీ పోయించాం. ఈసారి కడ్డీలు కట్టిన రోజు నేనే నిచ్చెనెక్కి చూశాను. కడ్డీలు పైన ఉన్నాయా, గోడలోకి తగినంత పొడుగు పోయాయా, కాంక్రీటు పోసేవాళ్లు తొక్కి కిందికి దిగిపోకుండా కింద ఆనింపులున్నాయా అని చూసుకున్నాను. ఆడమనిషి నిచ్చెనెక్కడమేంటని మేస్త్రీ నవ్వాడు. నవ్వనీ. సెంట్రింగు మీద ఇనుము కనబడేది ఒక్కరోజే. కాంక్రీటు పోశాక అది మన కంటికి కనబడదు, మన పిల్లల నెత్తిమీద మాత్రం యాభై ఏళ్లుంటుంది. ఇల్లు కట్టుకునే చెల్లెళ్లందరూ ఆ ఒక్కరోజు పొయ్యి ఆర్పి అయినా సరే వెళ్లి చూసుకోండి.